తుమ్ము ముందా, బ్యాట్లు ముందా

విమానాల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యానని చెబితే, మా బ్రాడీపేట వీధిలో పిల్లలు ముందు అడిగేది నేను విమానం నడిపానా అని. లేదంటాను. పోనీ ఎన్నిసార్లు ఎక్కారు అంటారు. ఒకటి రెండు సార్లు, అదీ బరువు సరిపోవడానికి వెనక సీట్లో కూర్చోబెట్టారు అంటాను. దాంతో నా మీద వాళ్లకున్న ఆసక్తి పోయి మళ్లీ క్రికెట్‌కి వెళ్లిపోతారు.

నా పనంతా నేల మీద. దిగిన విమానం తన చోటికి వచ్చి ఆగేదాకా దానికి ఎదురుగా నిలబడి, చేతుల్లో రెండు ఎర్ర బ్యాట్లతో రా, ఇటు తిరుగు, నెమ్మది, ఆగు అని సైగ చేయడం. దానికి మార్షలర్ అని ఒక పెద్ద పేరుంది. మా ఆవిడ మాత్రం చాలాకాలం నేను పోలీసు శాఖలో చేస్తున్నట్టే చుట్టాలకు చెప్పుకుంది. ఆ ముక్క అలా ధ్వనిస్తుంది మరి.

ఇప్పుడు మీ కుర్రాళ్లలో చాలామంది ఎయిర్‌పోర్టుల్లో గ్రౌండ్ స్టాఫ్‌గా చేరుతున్నారు. మా వీధి చివరే ఒక కోచింగ్ సెంటరు కూడా పెట్టారు. అక్కడ చదివే కుర్రాడొకడు మొన్న నన్ను అడిగాడు, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏదండీ అని. ఉంది. అది ఒక తుమ్ముతో మొదలైంది.

గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య, పత్తి చేలూ మిరప చేలూ ఆనుకుని ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉండేది. ఊరు చెప్పను. తెలిసినవాళ్లు పోల్చుకుంటారు, తెలియనివాళ్లకు అవసరం లేదు. పెద్ద విమానాలు రావు. ఒక ఫ్లయింగ్ స్కూలు, దాని చిన్న విమానాలు, ఒక హ్యాంగరు, నేర్చుకునే పిల్లలకు ఒక హాస్టలు. చుట్టుపక్కల రైతులకు మా రన్‌వే మీద ఎప్పుడూ కన్నుండేది. ఇంత శుభ్రమైన కల్లం ఖాళీగా పెట్టుకుని కూర్చున్నారేంటయ్యా, నాలుగు రోజులు మిరపకాయలు ఆరబోసుకుంటాం అని ఏటా ఎవరో ఒకరు గేటు దగ్గరికి వచ్చేవారు. కుదరదని చెబితే, కంచె అవతల తమ పొలాల్లోనే కల్లాలు చేసుకుని ఆరబోసేవారు. కాయ ఎండే రోజుల్లో గాలి అటునుంచి తిరిగిందంటే ఆ ఘాటుకి స్కూలంతా తుమ్మేది.

ఒక్క సంగతి చెప్పాలి. విమాన ప్రమాదం అంటే అందరూ ఆకాశం వైపు చూస్తారు. గాల్లో ఉన్నప్పుడు విమానం తేలికైన పిట్ట. నేల మీద అది మూడు చక్రాల బండి, పైగా రెండు పక్కలా రెక్కలు చాచుకుని నడిచే బండి. లోపల కూర్చున్నవాడికి తన రెక్క చివర ఎక్కడిదాకా ఉందో సరిగ్గా అంచనా దొరకదు. అందుకే ఎదురుగా నాలాంటివాడు ఒకడు, చోటు ఇరుకైతే రెక్క పక్కన నడుస్తూ ఇంకొకడు ఉండాలి. మనిషి నడిచే వేగంలోనే గుద్దుకుంటాయి ఇవి. ఆ వేగం చాలు.

రెక్క పక్కన నడిచే ఆ ఇంకొకడు మా మెకానిక్. పర్చూరు దగ్గర పల్లెటూరివాడు. నా ఈడువాడే, ఇద్దరం ఒకేసారి చేరాం. వాడు రహస్యం చెప్పినా హ్యాంగరు అవతలికి వినిపించేది. ఇద్దరం ఒకే కారేజీలోంచి తిన్నవాళ్లం.

ఇక కెప్టెన్ గారు. వైమానిక దళంలో చేసి వచ్చిన మనిషి. స్కూల్లో పెద్ద ఇన్‌స్ట్రక్టర్. ఇంగ్లీషులో తిట్టి, అది సరిపోలేదనిపిస్తే మళ్లీ తెలుగులో తిట్టేవారు. ఆయన తిట్లు తినకుండా ఒంటరిగా విమానం ఎక్కిన విద్యార్థి లేడు. కానీ ఆయన చేతికింద నేర్చుకున్నవాళ్లు ఎక్కడికి పోయినా బాగా నడుపుతారని పేరు. మాలాంటివాళ్లను మీరు అని పిలిచేవారు, అంతకుమించి మాట్లాడేవారు కాదు.

తుళ్లూరు వైపు రాజధాని పనులు జోరుగా సాగుతున్న కాలం అది. భూములు పైనుంచి చూసుకోవడానికి ఎవరెవరో సొంత విమానాల్లో వచ్చి పోతుండేవారు. అలా వచ్చినదొకటి ఆ రోజు పొద్దున మా విమానాలు ఆపుకునే చోటులో తెచ్చి పెట్టారు. తళతళలాడుతోంది. మాకు మిగిలిన చోటు సగమైంది. దాని పైలట్ కాఫీకి పోతూ, ముందు చక్రంలో గాలి తగ్గినట్టుంది, కాస్త చూడమని మా మెకానిక్‌కి చెప్పి వెళ్లాడు. వాడు పంపు పట్టుకుని దాని ముక్కు కింద కూర్చున్నాడు.

అప్పుడే కెప్టెన్ గారి విమానం దిగి మా వైపు వస్తోంది. లోపల ఆయన పక్కన చీరాల అమ్మాయి. నేత కుటుంబం పిల్ల. నాన్న మగ్గం మీద, అమ్మ నూలు కండెలు చుడుతూ, ఇంటిల్లిపాదీ ఆ ఒక్క పిల్ల చదువు కోసం ఒళ్లు వంచి పనిచేస్తున్నారని హాస్టల్లో అందరికీ తెలుసు. ఆ రోజు విమానాన్ని నేల మీద నడుపుతున్నది ఆ అమ్మాయే. బ్రేకుల మీద ఉన్నవి ఆమె కాళ్లు.

మెకానిక్ లేచి వచ్చేదాకా దూరంగానే ఆపనా అని, హ్యాంగరు ముందు నిలబడ్డ స్కూలు మేనేజర్ గారి వైపు చూశాను. తర్వాతి విద్యార్థి ఎదురు చూస్తున్నాడు, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపారు ఆయన. నేను రమ్మని సైగ చేస్తూ వచ్చాను. కల్లాల మీదుగా గాలి తిరిగింది. కళ్లు మండుతున్నాయి. రెక్క చివర ఆ కొత్త విమానానికి దగ్గర పడుతోందనిపించి బ్యాట్లు రెండూ పైకెత్తి తల మీద అడ్డంగా పెట్టాను. ఆగమని. విమానం ఆగలేదు. తుమ్ము వచ్చింది. ఆగు ఆగు అని అరిచాను. ఇంజిన్ హోరులో నా అరుపు నాకే వినపడలేదు.

రెక్క వెళ్లి ఆ విమానం రెక్కకు తగిలింది. తగలగానే ఆ కొత్త విమానం ఉన్నచోటే గిర్రున తిరిగి, ముక్కు కింద కూర్చున్న మా వాణ్ణి పక్కకు విసిరేసింది. ఇటు కెప్టెన్ గారి విమానం కూడా అటే తిరిగింది. వాడు పడ్డచోటుకీ తిరుగుతున్న ప్రొపెల్లర్‌కీ మధ్య ఒక మంచమంత దూరం కూడా లేదు. నేను బ్యాట్లు పారేసి పరిగెత్తి వాడి చొక్కా కాలరు పట్టుకుని లాగాను. ఆ సరికి ప్రొపెల్లర్ ఆగిపోయింది. కెప్టెన్ గారు క్షణం ఆలస్యం చేయకుండా ఇంజిన్ కట్టేశారు. ఆ రోజు ఎవరు ఏం తప్పు చేశారన్నది తర్వాతి మాట. మా వాడు ఇవాళ మనవల్ని స్కూల్లో దింపి వస్తున్నాడంటే ఆ చేతి చురుకువల్లే.

వాడి మణికట్టు ఎముక విరిగింది. రెండు రెక్కలూ నలిగాయి. పెట్రోలు కారలేదు, అదొక అదృష్టం. ఆస్పత్రికి వెళ్లే దారిలో వాడు నన్ను తిడుతూనే ఉన్నాడు, చొక్కా చింపావురా అని.

సాయంత్రానికి మాటలు మొదలయ్యాయి. కొత్త విమానం యజమాని ఫోన్ మీద ఫోన్. మేనేజర్ గారు అందరి దగ్గరా రాతపూర్వకంగా ఏం జరిగిందో తీసుకున్నారు. మార్షలర్ రమ్మంటూనే ఉన్నాడు, అందుకే వచ్చాం అని కెప్టెన్ గారు రాసిచ్చారు. ఆయన మాటకు ఎదురుండేది కాదు. అమ్మాయిని అడిగితే, కంగారులో నాకు సరిగా గుర్తులేదు సార్ అందట.

మేనేజర్ గారు నన్ను గదిలోకి పిలిచి నెమ్మదిగానే అడిగారు.

"మీరు తుమ్మారా?"

"తుమ్మానండి."

"ఎప్పుడు? బ్యాట్లు అడ్డంగా పెట్టకముందా, పెట్టిన తర్వాతా?"

"పెట్టిన తర్వాతేనండి."

"ఖచ్చితంగా చెప్పగలరా? తుమ్మేటప్పుడు మనిషికి కళ్లు మూసుకుపోతాయి. చేతులు ఎటు పోతాయో మనకే తెలియదు."

అప్పటిదాకా నాకు అనుమానమే లేదు. ఆయన అడిగిన తర్వాత మొదలైంది. పై ఆఫీసువాళ్లు వచ్చి విచారణ చేసేదాకా విమానాల దగ్గరికి రావద్దని, స్టోరులో కూర్చోమని చెప్పారు. స్టోరు కిటికీలోంచి విమానాలు ఆగే చోటంతా కనిపించేది. నా స్థానంలో ఇంకొకరు బ్యాట్లు ఊపుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒకే క్షణాన్ని అన్నిసార్లు తిరగేస్తే అది అరిగిపోతుంది. కొన్నిసార్లు బ్యాట్లు ముందు కనిపించేవి, కొన్నిసార్లు తుమ్ము ముందు కనిపించేది. నా తుమ్మువల్ల నా స్నేహితుడు ప్రొపెల్లర్ దాకా పోయి వచ్చాడా అనుకుంటే అన్నం సయించేది కాదు.

ఇంట్లో ఒక మధ్యాహ్నం వసారాలో నిలబడి, వంటింట్లోంచి తెచ్చిన రెండు అట్లకాడలు తల మీద అడ్డంగా పెట్టి, తుమ్ముతున్నట్టు నటించి చూసుకుంటున్నాను. చేతులు కిందికి జారతాయా లేదా అని. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, వచ్చి అట్లకాడలు తీసుకుంది. తర్వాత పక్కన కూర్చుని అంది.

"ఆ పిల్ల ఉంది కదండీ లోపల. ఆ పిల్లనే అడగండి."

వెళ్లాను. హాస్టల్ గేటు దాకా వెళ్లాను. ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆమె ఎన్ని గంటలు ఎగిరింది, పరీక్షకు సిద్ధమా కాదా అని సంతకం పెట్టాల్సింది కెప్టెన్ గారు. ఆయన మాటను కాదని చెప్పమని నేనెలా అడిగేది? అదీ కాక, బ్రేకుల మీద కాళ్లు ఆమెవి. నేను ఆగమన్నానని ఆమె చెబితే, మరి నువ్వెందుకు ఆపలేదని అడుగుతారు. నా ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఒక నేత ఇంటి ఆశను పణంగా పెట్టమనడమే అది. బాగున్నావా అమ్మా అని అడిగి వెనక్కి తిరిగి వచ్చేశాను. ఇంటికొచ్చి ఆమె లేదని అబద్ధం చెప్పాను. మా ఆవిడ నమ్మలేదు, గుచ్చి అడగనూ లేదు.

మెకానిక్‌ని చూడ్డానికి పర్చూరు వెళ్లాను. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని పత్తి రేటు గురించి ఎవరితోనో పోట్లాడుతున్నాడు. వాళ్లావిడ నాకు మంచినీళ్లు ఇచ్చింది కానీ మొహం చూడలేదు. నేను తుమ్మానన్న మాట ఆమెకూ చేరింది. మేం ఇద్దరమే అయ్యాక వాడికి నా అనుమానం చెప్పాను. ఒరేయ్, నిజంగా నేను ముందు తుమ్మానేమోరా, నాకే తెలియడం లేదు అన్నాను.

"నేను అటు తిరిగి కూర్చున్నాను, నేనేం చూళ్లేదు," అన్నాడు వాడు. "కానీ నువ్వు పెట్టానంటే పెట్టినట్టే. పెట్టలేదంటే మాత్రం నేను నమ్మనురా."

విరిగిన చెయ్యి వాడిది. ఆ మాట అనగలిగిన హక్కు కూడా వాడొక్కడిదే. నాకు ఆ రోజు నిద్ర పట్టింది.

పై ఆఫీసు నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. పిల్లలకు పాఠాలు చెప్పే గదిలోనే విచారణ పెట్టారు. బోర్డు మీద అంతకుముందటి పాఠం బొమ్మలు చెరపలేదు. మేనేజర్ గారు, కెప్టెన్ గారు, కట్టు కట్టిన చేత్తో మా వాడు, చీరాల అమ్మాయి, నేను. పిల్లల బల్లల కింద మోకాళ్లు పట్టక ఇబ్బంది పడుతూ కూర్చున్నాం.

ముందు నన్ను అడిగారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. బ్యాట్లు అడ్డంగా పెట్టానని నా నమ్మకం, తుమ్మిన మాటా నిజమే, ఏది ముందో ఇన్నాళ్లు తలచుకున్న మీదట ప్రమాణం చేసి చెప్పలేను అన్నాను. మేనేజర్ గారు తల దించుకున్నారు. పాపం ఆయనకు నామీద కోపమేమీ లేదు, ఏదో ఒక జవాబు కావాలి. తర్వాత మెకానిక్ లేచి, రెక్క పక్కన నడవాల్సిన మనిషిని నేను, ఆ వేళ నేను అక్కడ లేను, అది కూడా రాసుకోండి అన్నాడు. గది అదిరింది. మామూలుగానే మాట్లాడాడు, వాడి గొంతే అంత.

కెప్టెన్ గారు రాసిచ్చినది ఒక అధికారి చదివి వినిపించాడు. ఆయన బోర్డు వైపు చూస్తూ విన్నారు. తర్వాత అధికారులు అమ్మాయిని లేవమన్నారు.

"మార్షలర్ మీకు కనిపించారా?"

ఆ అమ్మాయి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నేను మనసులో, వద్దమ్మా, గుర్తులేదను, ముందు అన్నమాటే అను అనుకుంటున్నాను. నిజంగానే అనుకున్నాను.

"కనిపించారు సార్," అంది. "ఆయన బ్యాట్లు అడ్డంగా..."

"ఆగమ్మా," అన్నారు కెప్టెన్ గారు.

గదిలో అందరం ఆయన వైపు తిరిగాం. అమ్మాయి మొహం పాలిపోయింది. ఆయన లేచి నిలబడ్డారు. నోరు మూయిస్తున్నారనుకున్నాను. నిజమే, మూయించారు. కానీ నేననుకున్నందుకు కాదు.

"ఆ అమ్మాయిని అడగొద్దు. నేను చెబుతాను," అన్నారు. "దిగడం సరిగా దిగలేదని తిడుతున్నాను. తను బయటికి చూస్తూ విమానం నడుపుతోంది. చూడాల్సింది అటే. నేనే, నీతోనే మాట్లాడుతున్నాను, ఇటు చూడు అన్నాను. ఇటు చూసింది. ఇన్‌స్ట్రక్టర్ చూడమంటే చూడక ఏం చేస్తుంది? ఆ తర్వాత కొన్ని క్షణాలు ఇద్దరిలో ఎవరమూ బయటికి చూడలేదు. ఆయన రమ్మంటుండగా నేను చూసిన మాట నిజం. కానీ అది నేను తల తిప్పకముందు. ఆ తర్వాత ఆయన ఏం చూపించారో నాకు తెలియదు. చూడనిది చూసినట్టు రాశాను."

మీ స్టేట్‌మెంట్ మార్చుకుంటున్నారా అని అధికారి అడిగాడు.

"మార్చుకోవడం లేదు. అప్పుడు సగమే రాశాను. ఇప్పుడు పూర్తి చేస్తున్నాను," అన్నారు ఆయన. అని కూర్చున్నారు.

అధికారి ఈసారి మెత్తగా, మీరేం చూశారో చెప్పమ్మా అని అమ్మాయిని మళ్లీ అడిగాడు. తను తిరిగి బయటికి చూసేసరికే బ్యాట్లు అడ్డంగా ఉన్నాయని, బ్రేకు తొక్కేలోపే తగిలిందని చెప్పింది. చెప్పి నా వైపు చూసింది.

"ఆయన తుమ్మింది కూడా చూశాను సార్. తుమ్మినప్పుడు కూడా బ్యాట్లు పైనే ఉన్నాయి."

మా మెకానిక్ మంచి చేత్తో నా వీపు మీద ఒక్కటి చరిచాడు. అధికారులు విననట్టు నటించారు.

ఉద్యోగంలో ఎన్నో రకాల మనుషుల్ని చూస్తారు మీరు. మనకోసం నిజం చెప్పేవాళ్లు దొరుకుతారు, అరుదుగానైనా. అయితే, తనకు నష్టమని తెలిసీ నోరు తెరిచిన ఆ పిల్లకూ, ఆ నష్టం ఆమెమీద పడకుండా మధ్యలో ఆపి తన మీద వేసుకున్న ఆయనకూ, ఇద్దరికీ ఒకే గదిలో ఒకే పూట రుణపడే భాగ్యం అందరికీ పట్టదు. ఆయన ముందే చెప్పి ఉండొచ్చు కదా అని మా అబ్బాయి ఒకసారి అన్నాడు. ఉండొచ్చు. ఆయన స్థానంలో కూర్చుని చూసిన తర్వాత ఆ మాట అనాలి. ఒక్క వాక్యం సరిదిద్దుకోకపోయినా ఆయన్ని అడిగేవాడు లేడక్కడ.

కెప్టెన్ గారిని కొంతకాలం విమానం ఎక్కకుండా ఆపారు. తరగతి గదిలో పాఠాలు మాత్రం చెప్పుకోమన్నారు. అమ్మాయికి కొన్ని గంటలు అదనంగా నేర్పించాలని రాశారు, అంతే. రెక్క పక్కన మనిషి లేకుండా ఇరుకు చోటులోకి విమానాన్ని తీసుకురాకూడదని కొత్త నియమం పెట్టారు. దానిమీద మొదటి సంతకం మేనేజర్ గారిదే. నన్ను పిలిచి బ్యాట్లు ఆయన చేత్తోనే ఇచ్చారు.

నేను కెప్టెన్ గారి గదికి వెళ్లాను. ఏం చెప్పాలో దారిలో అనుకుంటూ వెళ్లాను కానీ, ఆయన చెప్పనివ్వలేదు.

"థాంక్స్ మాత్రం చెప్పకండి," అన్నారు. "ఆ స్టోరు కిటికీ నా గదిలోకి కనిపిస్తుంది. మీరు అక్కడ కూర్చోవడం నేను రోజూ చూశాను."

మెకానిక్ చెయ్యి ఎలా ఉందని అడిగారు. కట్టు విప్పారని, ఇంకా పిడికిలి బిగియడం లేదని చెప్పాను. ఆ ఆదివారం ఆయన పర్చూరు వెళ్లి వచ్చారని తర్వాత తెలిసింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో మా వాడు చెప్పలేదు. వాడు చెప్పకుండా దాచుకున్న విషయం నాకు తెలిసి అదొక్కటే.

తొలకరి పడి, చుట్టూ చేలల్లో పత్తి విత్తనాలు పెట్టే రోజులకు కెప్టెన్ గారికి మళ్లీ ఎగరడానికి అనుమతి వచ్చింది. మొదటి రోజు తనతో పాటు చీరాల అమ్మాయినే తీసుకెళ్లారు. తిరిగి వచ్చేసరికి నేను బ్యాట్లు పట్టుకుని ఎదురుగా ఉన్నాను, రెక్క పక్కన మా మెకానిక్ నడుస్తున్నాడు. లోపల ఇద్దరూ తిన్నగా నా వైపే చూస్తున్నారు. ఆపాల్సిన చోటు ఇంకా ముందుంది. నెమ్మదిగా రమ్మందామని బ్యాట్లు ఇలా ఎత్తానో లేదో, విమానం ఆగిపోయింది. రమ్మని సైగ చేశాను. కదల్లేదు. మళ్లీ చేశాను. ఇంజిన్ కట్టేశారు.

కెప్టెన్ గారు తలుపు తీసుకుని దిగారు. అమ్మాయి అటునుంచి దిగింది. నేను ఆగమనలేదండీ అన్నాను. తెలుసు, మీ బ్యాట్లు పైకి లేవడం చూశాం, ఇవాళ్టికి ఇక్కడ చాలు అన్నారు ఆయన. విమానం అలా దారి మధ్యలో ఉండిపోతే వెనక వచ్చేవాళ్లకు అడ్డం. మా వాడు బాగున్న చేత్తో ఒక రెక్క కింది ఊత కడ్డీ పట్టుకున్నాడు, కెప్టెన్ గారు రెండోది పట్టుకున్నారు, అమ్మాయీ నేనూ తోక వైపు చేరాం. మిగిలిన ఆ కాస్త దూరం నలుగురం కలిసి నెట్టుకుంటూ, దాన్ని దాని చోటికి తీసుకెళ్లి పెట్టాం.